మోటార్‌హోమ్ పైకప్పు కారుతోంది: నీరు దిగుతున్న చోటును పట్టుకోవడం ఎలా?

లంకగట్టు (మలికిపురం), జూలై 6

సభ్యులందరికీ నమస్కారం. మాకు ట్రావెలర్ బండి మీద కట్టించిన మోటార్‌హోమ్, అంటే లోపల ఇల్లులా అమర్చిన బండి, ఒకటి ఉంది. పైకప్పు బండితో పాటు వచ్చిన ఇనుప రేకే. దాని మీద ముందు వైపు రెండు సోలార్ ప్యానెళ్ళు, నడిమిన గాలి ఆడడానికి ఒక రూఫ్ వెంట్, వెనుక వైపు ఏసీ ఉన్నాయి. రేకుకూ లోపలి ప్లైవుడ్ సీలింగుకూ మధ్య గ్లాస్ ఊల్ పరిచారు.

ముసురు పట్టిందంటే చాలు, వెనుక ఎడమ మూలన, మంచం కాళ్ళ వైపు, సీలింగు అంచు నుంచి చుక్కలు పడుతున్నాయి. వాన మొదలైన వెంటనే పడవు. రెండు మూడు గంటలు గడిచాక మొదలై, వాన తెరిపి ఇచ్చిన తరువాత కూడా చాలాసేపు పడుతూనే ఉంటాయి. బండి కట్టిన గ్యారేజీ వారికి చూపిస్తే, కారుతున్న మూలకు సరిగ్గా పైన ఉన్న మార్కర్ ల్యాంపు (బండి అంచు తెలిపే చిన్న దీపం) చుట్టూ, రేకు అతుకు పొడవునా తెల్ల సిలికాన్ దట్టంగా పూసి పంపించారు. ఆ తరువాతి వానకే మళ్ళీ కారింది. ఇంకోసారి తీసుకువస్తే ఇంకో పొర పూస్తామంటున్నారు.

నీరు ఎక్కడ దిగుతోందో తెలియకుండా పొర మీద పొర పూయించడం నాకు ఇష్టం లేదు. సీలింగు విప్పే ముందు ఏయే పరీక్షలు చేయాలో, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

రేకుపని (రాజమహేంద్రవరం), జూలై 6

లంకగట్టు గారూ, రెండో పొర వద్దనుకోవడం మంచి నిర్ణయం. నేను చాలా కాలంగా బస్సు బాడీలు, అంబులెన్సులు కడుతున్నాను, ఈ మధ్య మోటార్‌హోమ్‌లు కూడా చేస్తున్నాను. కారుతున్న చోటికి సరిగ్గా పైనే రంధ్రం ఉండడం అరుదు. మన పెంకుటిళ్ళలో వంటింట్లో చుక్క పడితే, పెంకు జారింది ఎక్కడో వెన్నుగాడి దగ్గర ఉంటుంది, నీరు వాసం పట్టుకుని దిగుతుంది. బండి పైకప్పు సంగతీ అదే.

రేకు కింద అడ్డంగా ఇనుప పట్టీలు ఉంటాయి, వాటిని రూఫ్ బో అంటాము. స్క్రూ రంధ్రం గుండా దిగిన నీరు ఆ పట్టీ వెంట పక్కకు పారి, పక్కగోడ మీద పొడవునా ఉండే డొల్ల పట్టీలో పడి, బండి వాటం ఎటు ఉంటే అటు నడుస్తుంది. దారిలో గ్లాస్ ఊల్ తగిలితే అది పీల్చుకున్నంత పీల్చుకుని, నిండిన తరువాతే వదలడం మొదలుపెడుతుంది. రెండు మూడు గంటల ఆలస్యానికీ, వాన ఆగాక పడే చుక్కలకూ కారణం అదేనని నా అంచనా. ల్యాంపు దగ్గరే దిగుతూ ఉంటే వాన పడిన కొద్ది నిమిషాలకే మీకు తెలిసేది.

పనిముట్లు బయటికి తీసే ముందు కొన్ని సంగతులు చెప్పండి. ఇంటి దగ్గర బండి ఎలా నిలుపుతారు, ముక్కు ఎత్తుగా ఉంటుందా, తోక ఎత్తుగా ఉంటుందా? కదలకుండా ఉన్నప్పుడు కారుతోందా, వానలో నడిపినప్పుడు కారుతోందా? వాన లేని రోజుల్లో ఎప్పుడైనా చెమ్మ కనబడిందా? ఏసీ వేసుకున్న రాత్రి ఎలా ఉంటుంది? ఈ నాలుగింటికి జవాబులు దొరికితే సగం పైకప్పును అనుమానం నుంచి తప్పించవచ్చు.

తెల్లకప్పు (కాకినాడ), జూలై 6

ఇంత వెతుకులాట అవసరమా అని నా సందేహం. డాబాల మీద వేసే రబ్బరు లాంటి వాటర్‌ప్రూఫ్ కోటింగు రెండు చేతులు వేసి, మధ్యలో ఫైబర్ గుడ్డ పరిస్తే పైకప్పు మొత్తం ఒకే పొర అవుతుంది. తెల్లరంగు కాబట్టి ఎండ వేడి కూడా తగ్గుతుంది. మా ఇంటి రేకుల షెడ్డుకు అలాగే చేయించాము, ఇప్పటికీ బాగుంది. రంధ్రం ఎక్కడ ఉన్నా మూసుకుపోతుంది కదా?

పంటురేవు (నరసాపురం), జూలై 7

తెల్లకప్పు గారూ, షెడ్డు ఉన్నచోటే ఉంటుంది. మోటార్‌హోమ్ గతుకుల రోడ్డు మీద నడుస్తుంది. సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లను గోదావరి దాటించే పడవ) ఎక్కేటప్పుడు ముందు చక్రం ఒకటి ఎత్తులో, వెనుక చక్రం ఒకటి పల్లంలో ఉండి, బాడీ మొత్తం మెలిపడడం కళ్ళకు కనబడుతుంది. ఆ మెలికకు ముందుగా కదిలేవి అతుకులు, ప్యానెళ్ళను పట్టి ఉంచే బ్రాకెట్లు. వాటి మీద వేసిన పలుచని కోటింగు అక్కడే చీలుతుంది.

ఎండ సంగతి కూడా లెక్క వేయండి. ఉక్కు ఒక మీటరు పొడవుకు ఒక డిగ్రీ వేడికి మిల్లీమీటరులో వెయ్యింట 12 వంతులు సాగుతుంది, అల్యూమినియం 23 వంతులు సాగుతుంది. తెల్లవారుజామున 25 డిగ్రీలున్న రేకు మే నెల మధ్యాహ్నం 65 డిగ్రీలకు చేరితే, ఐదు మీటర్ల ఉక్కు పైకప్పు 2.4 మిల్లీమీటర్లు సాగుతుంది. దాని మీద రెండు మీటర్ల అల్యూమినియం రైలు బిగించి ఉంటే, ఆ రైలుకూ కింది రేకుకూ మధ్య రోజూ దాదాపు ఒక మిల్లీమీటరు జరుగుడు ఉంటుంది. గట్టిపడే పదార్థం ఏది పూసినా ఆ జరుగుడుకు తట్టుకోలేదు. ఎం-సీల్ పెట్టిన చోట్ల వెంట్రుకవాసి బీటలు వచ్చేది అందుకే.

కోటింగుకు నేను పూర్తిగా వ్యతిరేకిని కాను. రంధ్రం కనుక్కుని, బాగుచేసి, లోపల ఆరిన తరువాత వేడి తగ్గడం కోసం వేసుకోవచ్చు. ముందే వేస్తే లోపల ఉన్న తడి లోపలే ఉండి, ప్లైవుడ్డును, రేకును కలిపి తినేస్తుంది. పైగా నీటిలో కలిపి వేసే యాక్రిలిక్ రకాలు నీరు నిలిచే చోట మెత్తబడి పొరలుగా లేస్తాయి. ప్యానెళ్ళ కింద, ఏసీ పక్కన నీరు నిలుస్తూనే ఉంటుంది.

లంకగట్టు (మలికిపురం), జూలై 7

రేకుపని గారూ, బండిని మా ఇంటి ముందు కాలువ గట్టు నుంచి దిగే ర్యాంపు మీద నిలుపుతాము. ముక్కు గట్టు వైపు ఉంటుంది కాబట్టి ముందు భాగమే ఎత్తు. చుట్టూ కొబ్బరి చెట్లు. కదలకుండా నిలిపి ఉన్నప్పుడే కారుతోంది. వానలో రావులపాలెం వరకు నడుపుకుంటూ వెళ్ళినప్పుడు లోపల ఏమీ పడలేదు, తిరిగి ఇంటి దగ్గర నిలిపిన తరువాత పడింది.

వాన లేని రోజుల సంగతి అడిగారు. పుష్య మాసంలో పొగమంచు పట్టిన ఉదయాల్లో రూఫ్ వెంట్ చుట్టూ, పక్క కిటికీల పై అంచున చెమ్మ ఉండేది. ఏసీ రాత్రంతా వేస్తే గ్రిల్ అంచున రెండు మూడు బొట్లు వేలాడుతూ కనబడతాయి. ఇవన్నీ ఒకే రంధ్రం వల్లేనని మేము అనుకుంటున్నాము.

గోదారిగాలి (పాలకొల్లు), జూలై 7

లంకగట్టు గారూ, మీరు చెప్పిన మూడింటిలో ఒకటే కారుడు. మిగిలిన రెండూ గాలిలోని తేమ చల్లని చోట నీరుగా మారడం వల్ల వచ్చినవి. వాటికి ఎంత సీలెంటు పూసినా తగ్గవు. డెల్టాలో ఉండేవాళ్ళం ఈ రెండింటినీ వేరుచేసి చూడడం నేర్చుకోవాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఇక్కడ పైకప్పు కారుతోందని పిలిచిన చోట చాలాసార్లు రేకుకు ఏ లోపమూ ఉండదు.

చలికాలపు ఉదయాల చెమ్మ ఇలా వస్తుంది. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే రేకు తన వేడిని వదిలి, చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడుతుంది. లోపల పడుకున్న మనుషుల ఊపిరి, రాత్రి వంట ఆవిరి, ఆరవేసిన తువ్వాళ్ళు గాలిని తేమతో నింపుతాయి. తలుపులన్నీ బిగించి పడుకుంటే ఆ తేమ వెళ్ళి అతి చల్లగా ఉన్న లోహం మీద కూర్చుంటుంది. రూఫ్ వెంట్ అంచు, కిటికీ చట్రం అలాంటి చోట్లే. వెంట్‌ను రెండు వేళ్ళ సందు తెరిచి, ఎదురుగా ఒక కిటికీని కొద్దిగా తీసి పడుకోండి, చెమ్మ చాలావరకు తగ్గుతుంది.

ఏసీ బొట్ల కారణం వేరు. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలి 26 డిగ్రీల దగ్గరే నీరు కడుతుంది. మన ఊళ్ళలో వానాకాలపు రాత్రులు అలాగే ఉంటాయి. ఏసీ నుంచి వచ్చే గాలి అంతకంటే చాలా చల్లన. గ్రిల్‌కూ సీలింగుకూ మధ్య సందు ఉంటే, సీలింగు పైనున్న తడిగాలి ఆ చల్లని డక్టుకు తగిలి బొట్టు కడుతుంది. గ్రిల్ విప్పి డక్టు అంచులకు అల్యూమినియం టేపు వేసి, చుట్టూ మూసిన కణాల (నీరు పీల్చని) ఫోమ్ చుట్టండి.

తేడా పట్టుకోవడానికి సులువైన పని ఒకటుంది. అనుమానం ఉన్న చోట, సీలింగు మీద అరచేతి వెడల్పు ప్లాస్టిక్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించండి. మర్నాడు ప్లాస్టిక్కు మన వైపు తడి ఉంటే అది గదిలోని గాలి నుంచి వచ్చింది. ప్లాస్టిక్కు వెనుక, సీలింగు వైపు తడి ఉంటే పైనుంచి దిగుతోంది.

రేకుపని (రాజమహేంద్రవరం), జూలై 8

గోదారిగాలి గారు చెప్పినదానికి నేను కలపవలసిందేమీ లేదు. ఆ రెండింటినీ పక్కన పెడితే మిగిలింది వెనుక ఎడమ మూల ఒక్కటే. ముక్కు ఎత్తుగా నిలిపినప్పుడు మాత్రమే అక్కడ కారుతోంది కాబట్టి నీరు ముందు నుంచి వెనక్కి నడుస్తోందని నమ్మవచ్చు. దాన్ని రుజువు చేసుకోవడం తేలిక. బండిని తిప్పి, తోక ఎత్తుగా ఉండేలా నిలిపి ఒక వాన చూడండి. చుక్కలు వెనుక మూల వదిలి డ్రైవరు సీటు వెనుకకు వచ్చాయంటే, నీరు వాటాన్ని బట్టి నడుస్తోందని, చుక్క పడే చోటును బట్టి రంధ్రాన్ని చెప్పలేమని తేలుతుంది.

తరువాత సీలింగు ఎడమ అంచు పలకలు విప్పండి. గ్లాస్ ఊల్ పూర్తిగా తీసేయండి, అది ఉన్నంత సేపూ మీకు ఆలస్యం తప్పదు, ఆలస్యం ఉన్నంత సేపూ పరీక్ష తేలదు. విప్పిన తరువాత ముందు కళ్ళతో చూడండి. ఎండిన దుమ్ము మీద నీరు నడిచిన గీత శుభ్రంగా కనబడుతుంది. తుప్పు చార, ప్రైమరు మీద తెల్లని ఉప్పు మరక, తీగల గొట్టం కింద వరుసగా బొట్ల గుర్తులు ఉన్నాయేమో టార్చిలైటును రేకుకు ఏటవాలుగా పట్టి వెతకండి.

అప్పటికీ తేలకపోతే నీటి పరీక్ష చేయాలి. ఒకరు లోపల టార్చితో, ఒకరు బయట మొక్కలకు నీళ్ళు పెట్టే గొట్టంతో ఉండాలి. ముందే పై నుంచి తడిపితే నీరు అన్నిటి మీద నుంచీ జారి ఏది దోషో తెలియకుండా పోతుంది. అందుకని కింది నుంచి పైకి రావాలి: ముందు కిటికీల రబ్బరు, తరువాత పక్క అతుకు, తరువాత ల్యాంపులు, ఆ తరువాత పైకప్పు మీద పల్లం నుంచి ఎత్తు వైపు ఒక్కొక్క బ్రాకెట్టు. ఒక్కో చోట పది పదిహేను నిమిషాలు సన్నని ధార పోస్తూ ఓపికగా నిలబడాలి. రెండు చోట్ల అనుమానం ఉంటే వంటల్లో వాడే రంగులు రెండు తీసుకుని, ఒక్కో చోట ఒక్కో రంగు నీళ్ళు పోయండి.

గాలి పరీక్ష మరో మార్గం. కిటికీలన్నీ మూసి, వెంట్‌కూ, డ్రైన్ రంధ్రాలకూ టేపు వేసి, ఒక కిటికీలో అట్ట పెట్టి, దానికి చేసిన రంధ్రం గుండా బ్లోయరుతో లోపలికి గాలి తోలాలి. పైకప్పు మీద సబ్బు నీళ్ళు చిలకరిస్తే, రంధ్రం ఉన్న చోట బుడగలు లేస్తాయి. అద్దాలు, రబ్బర్లు ఉబ్బేంత గాలి పెట్టనక్కరలేదు.

పైకి ఎక్కేముందు ఏసీకి వచ్చే 230 వోల్టుల సరఫరా ఆపండి. ఎండలో సోలార్ ప్యానెల్ ఎప్పుడూ కరెంటు ఇస్తూనే ఉంటుంది కాబట్టి దాని మీద మందపాటి దుప్పటి కప్పి, కంట్రోలరు దగ్గర ముందుగా ప్యానెల్ తీగలు, తరువాత బ్యాటరీ తీగలు విప్పండి. మిల్లీమీటరు మందం కూడా లేని రేకు మీద నేరుగా నిలబడకుండా, రూఫ్ బోల మీద ఆనేలా బల్ల వేసుకుని దాని మీద మోకాళ్ళ మీద పని చేయండి.

దిండిదారి (రాజోలు), జూలై 8

కారు కడిగే ప్రెషర్ వాషరు మా ఇంట్లో ఉంది. గొట్టం బదులు అది వాడితే పరీక్ష త్వరగా అవుతుంది కదా అండి?

రేకుపని (రాజమహేంద్రవరం), జూలై 8

దయచేసి వద్దండి. వాన ఎన్నడూ చొరబడని మంచి అతుకులోకి కూడా ఆ ఒత్తిడి నీటిని నెడుతుంది. లేని రంధ్రాలు కనబడతాయి, పాత సీలెంటు అంచులు లేచి కొత్త రంధ్రాలు పుడతాయి.

లంకగట్టు (మలికిపురం), జూలై 13

అందరికీ కృతజ్ఞతలు. బండిని తిప్పి నిలిపాము. మొన్నటి వానకు వెనుక మూల పొడిగా ఉంది, చుక్కలు డ్రైవరు సీటు వెనుక పలక అంచున పడ్డాయి. నిన్న సీలింగు ఎడమ పలకలు విప్పాము. గ్లాస్ ఊల్ చేతిలోకి తీసుకుంటే నీరు కారేంత తడిగా ఉంది. అది తీసేశాక, ముందు సోలార్ ప్యానెల్‌కు కింద ఉన్న రూఫ్ బో మీద వేలెడు వెడల్పున తుప్పు చార కనబడింది. అది ఎడమ పక్క డొల్ల పట్టీ వరకు వచ్చి, అక్కడి నుంచి సోలార్ తీగల ముడతల గొట్టం వెంట వెనుక మూల దాకా గీత గీసినట్టు ఉంది.

పైన ఆ బ్రాకెట్టు మీద ధార పోయగానే, లోపల ఉన్న మా తమ్ముడు కేక వేశాడు. బ్రాకెట్టును సొంతంగా మర తొలుచుకుని దిగే స్క్రూలతో రేకులోకి నేరుగా బిగించారు. స్క్రూ తల మీద పూసిన సిలికాన్‌ను గోటితో లాగితే మొత్తం ఒకే ముక్కగా ఊడి వచ్చింది. దాని కింద పెయింటు లేచిపోయి, రేకు తుప్పు పట్టి ఉంది. స్క్రూ విప్పి చూస్తే రంధ్రం గుండ్రంగా లేదు, బండి పొడవు వైపు కోలగా సాగి ఉంది. అదే బ్రాకెట్టుకు రెండో స్క్రూ వదులై చేత్తోనే తిరిగింది. మిగతా బ్రాకెట్లు ఇంకా కారడం లేదు కానీ వాటినీ ఇలాగే బిగించారు.

ఇప్పుడు దీన్ని ఎలా బాగుచేయాలో, ఏ సీలెంటు వాడాలో చెప్పండి. మా ఊరి హార్డ్‌వేర్ షాపులో సిలికాన్ తప్ప మరొకటి లేదు.

రేకుపని (రాజమహేంద్రవరం), జూలై 13

రంధ్రం కోలగా సాగిందంటే పంటురేవు గారు లెక్క వేసి చెప్పిన జరుగుడు అక్కడ అచ్చు గుద్దినట్టు కనబడుతోంది. బ్రాకెట్లన్నీ విప్పి మళ్ళీ కూర్చోబెట్టండి, ఒక్కదాన్ని బాగుచేసి ఊరుకోవద్దు.

ముందుగా సిలికాన్. పూసేటప్పుడు వెనిగర్ వాసన వేసే రకం ఆరుతూ ఆమ్లాన్ని వదులుతుంది, అది ఇనుప రేకును తినడానికి దారి ఇస్తుంది. స్నానాల గదిలో గాజుకూ టైలుకూ అది బాగానే పనిచేస్తుంది, బండి పైకప్పుకు పనికిరాదు. దాని మీద పెయింటు అంటదు, వేరే సీలెంటు కూడా అంటదు, కాబట్టి ఆనవాలు లేకుండా తీసేయాలి. ప్లాస్టిక్ గీకుడు పలకతో గీకి, మిగిలిన పొరను సిలికాన్ రిమూవరుతో మెత్తబరిచి తుడిచి, చివరికి ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో శుభ్రమైన గుడ్డ మార్చి మార్చి తుడవండి. పెట్రోలు, కిరోసిన్ జిడ్డు పొర వదులుతాయి, వాడవద్దు.

తుప్పు ఉన్న చోట లోహం మెరిసే దాకా ఎమరీ పట్టి, ఎపాక్సీ ప్రైమరు, దాని మీద పెయింటు వేసి పూర్తిగా ఆరనివ్వండి. కోలగా సాగిన రంధ్రాలను లోపలి నుంచి చిన్న రేకు బిళ్ళ పెట్టి మూయించి, బ్రాకెట్టును కొంచెం పక్కకు జరిపి కొత్త రంధ్రం వేయండి. పలుచని రేకు రెండు మరలకు మించి స్క్రూను పట్టుకోలేదు కాబట్టి, ఈసారి ఆరపార బోల్టు వేసి, లోపల అరచేతి వెడల్పు పలక, దాని మీద నైలాక్ నట్టు (లోపలి నైలాన్ వలయం వల్ల వదులు కానిది) పెట్టండి. అంతర్వేది సముద్రపు గాలి తగిలే ఊరు మీది, కాబట్టి 316 రకం స్టెయిన్‌లెస్ బోల్టులు కొంత ఖరీదైనా తీసుకోండి. ఉప్పు తడిలో స్టెయిన్‌లెస్ తగిలిన అల్యూమినియం త్వరగా తినివేయబడుతుంది, మధ్యలో నైలాన్ వాషరు వేయడం మరవకండి.

నీటిని ఆపే అసలు పని బ్రాకెట్టు కింద జరగాలి, పైన పూసే గీత రెండో కాపలా మాత్రమే. బ్రాకెట్టు అడుగున బ్యూటైల్ టేపు పరిచి, బోల్టు రంధ్రం చుట్టూ ఇంకో చిన్న చుట్ట పెట్టి బిగించండి. బ్యూటైల్ ఎన్నటికీ గట్టిపడదు, జరుగుడుతో పాటు తానూ జరుగుతుంది. ఒకేసారి పూర్తిగా బిగిస్తే అంతా పక్కలకు వచ్చేస్తుంది. అంచుల నుంచి సమంగా ఉబికేదాకా బిగించి, కొన్ని రోజులాగి మళ్ళీ కొంచెం బిగించి, ఉబికిన దాన్ని కత్తిరించి, అప్పుడు అంచుల చుట్టూ సీలెంటు గీత వేయండి.

ఆ గీతకు ఎం.ఎస్. పాలిమర్ రకం తీసుకోండి. పాలీయురెథేన్, అంటే షాపుల్లో పీయూ సీలెంటు అనేది, ఇంకా గట్టిగా పట్టుకుంటుంది కానీ పెయింటు వేయకుండా ఎండకు వదిలితే పైన సుద్దలా పొడి రాలి బీటలిస్తుంది. రేపెప్పుడైనా ప్యానెల్ విప్పాలన్నా దానితో కష్టం. సికాఫ్లెక్స్ పేరుతోనే ఈ రెండు రకాలూ దొరుకుతాయి, గొట్టం మీద రకం చదివి తీసుకోండి. మలికిపురంలో దొరకకపోతే రాజమహేంద్రవరం, విజయవాడ ఆటోనగర్‌లలో బస్సు అద్దాలు బిగించే వారి దగ్గర ఉంటుంది. ఈ రెండు రకాలూ గాలిలోని తేమతోనే గట్టిపడతాయి, ఒక రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల లోతు. మన తేమ ఇక్కడ మేలే చేస్తుంది. రేకు మాత్రం పొడిగా ఉండాలి. ఉదయం మంచు ఆరాక మొదలుపెట్టి, రేకు చేయి పెట్టలేనంత కాగకముందే ముగించండి.

పంటురేవు (నరసాపురం), జూలై 14

తీగలు లోపలికి దిగే గ్లాండు పెట్టెను కూడా చూడండి. దాని నోరు వెనుక వైపుకు ఉండాలి, ముందు వైపుకు ఉంటే నడిపేటప్పుడు ఎదురుగాలి నీటిని లోపలికి కొడుతుంది. తీగ గ్లాండులోకి వెళ్ళే ముందు కొంచెం కిందికి వంగి మళ్ళీ పైకి వెళ్ళేలా కట్టాలి. అప్పుడు నీరు ఆ వంపు దగ్గరే జారిపోతుంది.

మార్కర్ ల్యాంపులను ఇప్పుడు నిర్దోషులని వదిలినా, తుపాన్ల కాలానికి ముందు గ్యాస్కెట్లు మార్చడం మంచిది. 1996 నవంబరు 6 నాటి కోనసీమ తుపానును చూసిన వారికి గాలితో కలిసిన వాన ఎంత అడ్డంగా కొడుతుందో చెప్పనక్కరలేదు. 2025 అక్టోబరు 28 రాత్రి మోంథా తుపాను మా తీరం దాటినప్పుడు, మామూలు వానలకు ఎన్నడూ కారని మా బండి ల్యాంపు అంచు నుంచి నీరు ధారగా వచ్చింది. పై నుంచి పడే నీటికి ఆ గ్యాస్కెట్టు చాలేది, పక్క నుంచి నెట్టే నీటికి చాలలేదు. అటువంటి హెచ్చరిక వచ్చినప్పుడు మరమ్మతుకు సమయం ఉండదు కాబట్టి, ఒక చుట్ట అల్యూమినియం పూత ఉన్న బ్యూటైల్ టేపు ఇంట్లో ఉంచుకోండి. తారు టేపు తీసుకోవద్దు, ఎండకు కరిగి కారి, తరువాత ఏ సీలెంటూ అంటకుండా చేస్తుంది.

కొబ్బరి చెట్ల సంగతి కూడా చెప్పాలి. ఎండు మట్ట పడితేనే రూఫ్ వెంట్ మూత పగులుతుంది, కాయ పడితే రేకు సొట్టపోయి అక్కడ నీరు నిలుస్తుంది. రాలిన పూత, పీచు పక్క అతుకు కాలువలో చేరి కుళ్ళి, నీరు అంచు దాటి లోపలికి వెనక్కి తన్నేలా చేస్తుంది. చెట్టు నీడ ఎంత హాయిగా ఉన్నా బండిని దాని కింద నిలపవద్దని ఇక్కడి వారందరికీ నా విన్నపం.

లంకగట్టు (మలికిపురం), జూలై 29

బ్రాకెట్లన్నీ చెప్పిన విధంగానే కూర్చోబెట్టించాము. గ్లాండు పెట్టె నోరు ముందుకే ఉంది, దాన్ని తిప్పించాము. గొట్టంతో పరీక్షిస్తే రూఫ్ బో పొడిగా ఉంది. ఏసీ డక్టుకు ఫోమ్ చుట్టాక గ్రిల్ బొట్లు కూడా ఆగాయి.

ఇక ప్లైవుడ్ గురించి అడగాలి. తేమ కొలిచే మీటరు అద్దెకు తెచ్చి చూస్తే, వెనుక మూల పలక 27 శాతం చూపిస్తోంది, ఎన్నడూ తడవని కుడి వైపు పలక కూడా 16 చూపిస్తోంది. కుడి వైపు కూడా ఎక్కడైనా దిగుతోందా? తడిసిన పలకను ఆరబెట్టి మళ్ళీ వాడవచ్చా?

గోదారిగాలి (పాలకొల్లు), జూలై 29

కుడి వైపు గురించి దిగులు పడకండి. 80 శాతం తేమ ఉన్న గాలిలో ఏ చెక్క అయినా తనంతట తానే 15, 16 శాతానికి చేరుతుంది. ఇంటర్‌నెట్‌లో కనబడే పొడి అంకెలు చలి దేశాల హీటరు గదులకు చెందినవి. మన దగ్గర తడవని పలక ఎంత చూపిస్తే అదే కొలబద్ద. 20 దాటి ఎక్కువ కాలం ఉంటే బూజు, పుచ్చు మొదలవుతాయి కాబట్టి 27 చూపిన పలకను వదలకూడదు. దబ్బనం మొనతో గుచ్చి చూడండి. గట్టిగా ఆపితే ఆరబెట్టి, బోరాక్స్ నీళ్ళు రెండు వైపులా పట్టించి వాడుకోవచ్చు. మొన సులువుగా దిగినా, పొరలు విడినా ఆ ముక్క మార్చడమే మేలు.

రేకుపని (రాజమహేంద్రవరం), జూలై 30

మార్చేటట్లయితే ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై తీసుకోండి, కోసిన అంచులకు రెండు చేతులు ఎపాక్సీ ప్రైమరు వేయండి, నీరు పీల్చేది అంచులే. గ్లాస్ ఊల్ మళ్ళీ పెట్టవద్దు. ఏసీ డక్టులకు వాడే నల్లని నైట్రైల్ రబ్బరు ఫోమ్ షీటును రేకుకు సందు లేకుండా అంటిస్తే, అది నీరు పీల్చదు, తడిగాలి చల్లని రేకును తాకకుండా కూడా చేస్తుంది. రూఫ్ బోల చివర్లను, డొల్ల పట్టీ కింది రంధ్రాలను మాత్రం ఫోమ్‌తో మూయకండి, లోపలికి ఎప్పుడైనా నీరు చేరితే బయటికి పోయే దారులు అవే.

సీలింగును ఇప్పుడే మూసేయకండి. మంచి ముసురు ఒకటి పోయేదాకా ఎడమ అంచు విప్పే ఉంచండి, ముక్కు ఎత్తుగా ఒకసారి, తోక ఎత్తుగా ఒకసారి నిలిపి చూడండి. మూసేటప్పుడు వెనుక మూల పలకను జిగురుతో అంటించకుండా, నాలుగు స్క్రూలతో విప్పుకునేలా బిగించండి. ఏటా వైశాఖంలో, వానలకు ముందు, ఆ పలక తీసి రూఫ్ బో చివర వేలు పెట్టి చూసుకోవచ్చు.